చీమతో డైరీ రాయించగలరా?

డీఎస్సీకి ప్రిపేరవుతున్నారా? స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్ పోస్టు మీద కన్నేశారా? అయితే మీకో చిన్న లెక్క. టెట్‌లో 150 ప్రశ్నలు, 150 మార్కులు. ఇటీవలి డీఎస్సీల్లో రాతపరీక్ష 80 మార్కులకు, టెట్ వెయిటేజీ 20 మార్కులకు. అన్నీ బిట్లే. నాలుగు ఆప్షన్లలో ఒకదాన్ని క్లిక్ చేయడమే పని. అంటే ఇంగ్లిష్‌లో సొంతంగా ఒక్క వాక్యం కూడా రాయకుండానే ఇంగ్లిష్ టీచర్ అయిపోవచ్చు.

సరే, ఉద్యోగం వచ్చింది. జెడ్పీ హైస్కూల్లో చేరారు. రెండోవారంలో తొమ్మిదో తరగతి పాఠం చివర ఓ ఎక్సర్‌సైజ్ ఎదురవుతుంది. ఫలానా పాత్ర ఆ రాత్రి రాసుకున్న డైరీ పేజీ రాయండి అని. ఎదురుగా నలభై మంది పిల్లలు. అప్పుడేం చేస్తారు?

ఎక్కువ చోట్ల జరిగేది మీకూ తెలుసు, ఎందుకంటే మనమూ అలాగే చదువుకున్నాం. గైడ్‌లో ఉన్న డైరీని బోర్డు మీద దించుతారు. పిల్లలు నోట్‌బుక్‌లోకి ఎక్కిస్తారు. నలభై నోట్‌బుక్కుల్లోనూ 'ఇట్ వాజ్ ఎ మెమొరబుల్ డే ఇన్ మై లైఫ్' అనే వాక్యమే ఉంటుంది. నలభై మందికీ ఒకేరోజు మరపురానిది ఎలా అయిందని ఎవరూ అడగరు. టీచర్ టిక్ పెట్టి సంతకం చేస్తారు. ఆ పిల్లలే నాలుగేళ్ల తర్వాత బీటెక్‌లో చేరి, ప్లేస్‌మెంట్ టైమ్‌లో 'మీ గురించి రెండు పేరాలు రాయండి' అంటే పక్కవాడి రెజ్యూమె అడుగుతారు. నేను చదివింది ఇంజినీరింగే కాబట్టి, ఆ సీను ఫైనలియర్‌లో కళ్లారా చూశాను.

నేను టెక్ బ్లాగు రాస్తుంటాను. పండగలకు ఊరెళ్లినప్పుడు హైస్కూల్ పిల్లల్ని పోగేసి ఇంగ్లిష్‌లో రాయించడం నాకో సరదా. అది సరదాగా మొదలైనా, క్రియేటివ్ రైటింగ్ నేర్పడం అనేది మీ కెరియర్లో ఎంత పెద్ద ప్లస్ అవుతుందో అక్కడే అర్థమైంది. పుట్టుకతో వచ్చే టాలెంట్ అంటూ దాన్ని పక్కన పెట్టేస్తాం గానీ, భిన్నాలు నేర్పినట్టే దీన్నీ నేర్పొచ్చు. పిల్లాడి చేత అతనిదే అయిన ఒక వాక్యం రాయించగలిగితే చాలు, మిగతా పని అక్కణ్నుంచి నడుస్తుంది.

ఏడు చేపలు, ఒక పీరియడు

ఎలాగో చెబుతాను. ఏడు చేపల కథ తెలియని తెలుగు పిల్లలుండరు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెడితే ఒకటి ఎండదు. ఎందుకు ఎండలేదంటే గడ్డిమేటు అడ్డమొచ్చింది. గడ్డిమేటు ఎందుకుందంటే ఆవు మేయలేదు. ఆవు ఎందుకు మేయలేదంటే పాలేరు మేపలేదు. పాలేరుకు అవ్వ బువ్వ పెట్టలేదు. అవ్వ పని పిల్లాడి ఏడుపుతో ఆగింది. పిల్లాణ్ని చీమ కుట్టింది. చీమ పుట్టలో వాడు వేలు పెట్టాడు.

ఈ కథను ఇంగ్లిష్ టీచర్ కళ్లతో చూడండి. ప్రతి మెట్టులోనూ ఒక 'ఎందుకు', ఒక 'లేదు'. అంటే 'వై', 'బికాజ్', 'డిడ్ నాట్'. మన పిల్లలు ఎక్కువగా తడబడే చోటు సరిగ్గా ఇదే. 'ది ఫిష్ డిడ్ నాట్ డ్రైడ్', 'ది కౌ డిడ్ నాట్ ఏట్' అని రాస్తారు. 'డిడ్' తర్వాత క్రియ మామూలు రూపంలోనే ఉండాలని సూత్రం చెబితే పరీక్ష వరకే గుర్తుంటుంది. ఒకళ్లు చేప, ఒకళ్లు ఆవు, ఒకళ్లు పాలేరు, ఒకళ్లు అవ్వ అయ్యి, మిగతా క్లాసంతా 'వై డిడ్‌న్ట్ యూ?' అని అరుస్తూ అడిగితే పది నిమిషాల్లో ఆ వాక్యం నాలుగైదు క్రియలతో నాలిక మీద ఆడుతుంది. గ్రామర్ పాఠం అని పిల్లలకు తెలియదు. అదే కావాల్సింది.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. 'కథంతా అయిపోయింది. రాత్రయింది. నువ్వు ఆ చీమవి. ఇవాళ నీ ఇంట్లోకి ఒక వేలు వచ్చింది. ఐదు లైన్లు రాయి.' అంతే. షరతులు రెండు పెట్టండి. హ్యాపీ, సాడ్, బ్యూటిఫుల్ అనే మూడు మాటలు వాడకూడదు. ఐదు లైన్లు దాటకూడదు. రెండో షరతు విని పిల్లలు ముందు ఊపిరి పీల్చుకుంటారు. తర్వాత వాళ్లే ఆరో లైను రాయొచ్చా అని అడుగుతారు.

ఒకసారి ఎనిమిదో తరగతి కుర్రాడు మూడే లైన్లు రాశాడు. 'టుడే వన్ ఫింగర్ కేమ్. మై హౌస్ ఈజ్ బ్రోకెన్. ఐ బైటెడ్.' ఎర్ర పెన్ను చేతిలో ఉంటే మొదట కనిపించేది 'బైటెడ్'. దాన్ని కొట్టేస్తే 'బిట్' అని నేర్చుకుంటాడేమో గానీ మళ్లీ మూడు లైన్లకు మించి రాయడు. ఆ మూడు లైన్లలో ఎంతుందో చూడండి. వేలు ఒక మనిషిలా వచ్చింది. చీమకు పిల్లాడు కనిపించలేదు, వేలే కనిపించింది. వేలు ఎంత పెద్దదో చెప్పకుండానే చెప్పాడు. అది చాలామంది పెద్దవాళ్లకు కూడా తట్టదు.

కాబట్టి టీచర్‌గా మీ మొదటి మాట తప్పు గురించి ఉండకూడదు. 'ఆ ఇల్లు కట్టడానికి నీకెన్నాళ్లు పట్టింది?' అని అడగండి. 'ఆరు రోజులు సార్' అంటాడు. 'అది రాయి.' 'నీతోపాటు ఇంకెవరున్నారు?' 'మా అమ్మ, తొమ్మిది వందల మంది తమ్ముళ్లు.' 'అదీ రాయి.' ఐదు నిమిషాల్లో మూడు లైన్లు ఏడవుతాయి. అప్పుడు, ఆఖర్న, 'బైట్‌కి పాస్ట్ టెన్స్ ఏంట్రా?' అనండి. పక్కవాడే చెప్పేస్తాడు.

పద్ధతికి పేరు పెట్టాలంటే పెట్టొచ్చు. రాసింది ఒక్కసారికే ఫైనల్ కాదు, డ్రాఫ్టు రాయాలి, మాట్లాడాలి, మార్చాలి అనే ఈ ధోరణిని ప్రాసెస్ అప్రోచ్ అంటారు. బీఈడీ మెథడాలజీ పుస్తకాల్లో మీరు చూసే ఉంటారు. అమెరికాలో డొనాల్డ్ గ్రేవ్స్ 1983లో తెచ్చిన 'రైటింగ్: టీచర్స్ అండ్ చిల్డ్రన్ ఎట్ వర్క్' ఈ దారిలో ముఖ్యమైన పుస్తకం. పిల్లాడి పక్కన కూర్చుని, అతను రాసిన విషయం గురించి అతనితో మాట్లాడటం అందులోని పద్ధతికి గుండెకాయ. మనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, కోడ్ మొదటిసారే ఎర్రర్ లేకుండా కంపైల్ కావాలని ఏ మేనేజరూ అడగడు. తొమ్మిదో తరగతి పిల్లాణ్ని మాత్రం అడుగుతాం.

పాఠ్యపుస్తకం అడ్డమేమీ కాదు

'ఇవన్నీ బాగానే ఉన్నాయి, సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?' అని మీరు అడుగుతారు. నిజానికి సిలబస్‌లో ఉన్నదే ఇది. జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005 తర్వాత రాష్ట్రంలో వచ్చిన ఇంగ్లిష్ పుస్తకాల్లో క్రియేటివ్ ఎక్స్‌ప్రెషన్‌ను ఒక లక్ష్యంగానే పెట్టారు. సంభాషణ, డైరీ, లేఖ, కథనం, వర్ణన, బయోగ్రాఫికల్ స్కెచ్, స్కిట్ లాంటి వాటిని డిస్కోర్స్‌లు అన్నారు. పుస్తకం చేసిన పనిని గైడ్ పాడుచేసింది, అంతే.

'అవర్ వరల్డ్ త్రూ ఇంగ్లిష్' పదో తరగతి పుస్తకంలో అరుణాచల్ ప్రదేశ్ రచయిత యేషే దోర్జీ థోంగ్చీ రాసిన 'ది జర్నీ' అనే కథ ఉంది. చదువుకుని ఉద్యోగం చేస్తున్న కొడుకు నడుస్తుంటే, వయసు మళ్లిన తండ్రి అతని బరువైన పెట్టె మోస్తాడు. ఇలాంటి కథ మీద కొడుకు డైరీ రాయమంటే పిల్లలు గైడ్ భాషలో పశ్చాత్తాపపడతారు. మీరు ఇంకో తలుపు తెరవండి. ఆ తండ్రి ఇంటికెళ్లాక భార్యతో ఏం మాట్లాడి ఉంటాడు? ఆమె ఏం అడిగి ఉంటుంది? పెట్టె మోసిన సంగతి చెప్పాడా, దాచాడా? క్లాసు రెండుగా చీలిపోతుంది. మా నాన్నయితే చెప్పడు అని ఒకమ్మాయి అంటుంది. అక్కడే ఆపి, 'ఎందుకు చెప్పడు?' అనండి. ఆమె చెప్పేదే ఆమె సంభాషణ. ఆ సమాధానం ఏ గైడ్‌లోనూ దొరకదు.

ఆ పుస్తకంలోనే పి.సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ 'వాట్ ఈజ్ మై నేమ్?' పేరుతో ఇంగ్లిష్‌లో ఉంది. ఇల్లు అలకడంలో పడి తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ. ఇది చెప్పే రోజు ముందురాత్రి పిల్లలకు ఒక పని ఇవ్వండి. ఇంట్లో అమ్మను, నానమ్మను ఎవరెవరు ఏమని పిలుస్తారో రాసుకురమ్మనండి. 'ఏమే' దగ్గర్నుంచి 'ఫలానా వాళ్ల అమ్మ' దాకా జాబితా వస్తుంది. అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎంతమందో వాళ్లే లెక్కేసుకుంటారు. ఆ జాబితా పట్టుకుని పేరా రాయమంటే 'విమెన్ ఆర్ ది బ్యాక్‌బోన్ ఆఫ్ ది సొసైటీ' అనే వాక్యం ఒక్క పేపర్లోనూ కనిపించదు.

సీబీఎస్ఈ స్కూలయితే పదో తరగతి 'ఫస్ట్ ఫ్లైట్' పుస్తకంలో 'ఎ లెటర్ టు గాడ్' ఉంది. వడగళ్లకు పంట పోయిన రైతు దేవుడికి ఉత్తరం రాసి 100 పెసోలు అడుగుతాడు, పోస్టాఫీసు వాళ్లు చందాలేసి 70 పంపుతారు. ఆ పోస్ట్‌మాస్టర్ ఇంటికెళ్లి ఏం చెప్పాడన్నది మంచి ప్రశ్న. అకాల వర్షానికి కల్లంలో ధాన్యం తడవడం చూసిన పిల్లలకు వడగళ్ల సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

ఫార్మాట్ మాటేమిటి? తేదీ ఎక్కడ వేయాలి, లేఖలో చిరునామా ఎటుండాలి అన్నది నేర్పాల్సిందే, దానికీ మార్కులుంటాయి. ఒక పీరియడ్ చాలు. ఏడాదంతా అదే నేర్పితే కవరు మిగులుతుంది, లోపల ఉత్తరం ఉండదు.

తెలుగు వస్తే రానివ్వండి

ప్రైవేటు స్కూల్లో చేరితే మీకు ఎదురయ్యే మొదటి బోర్డు 'స్పీక్ ఇన్ ఇంగ్లిష్ ఓన్లీ'. నా అభిప్రాయం ఏంటంటే, రాయడానికి ముందు ఆలోచించే పది నిమిషాలూ ఆ బోర్డును మర్చిపోవాలి. పిల్లాడికి చెప్పాల్సింది తెలుగులో పుడుతుంది. దాన్ని అక్కడే నొక్కేసి ఇంగ్లిష్‌లో పుట్టమంటే ఖాళీ కాగితమే వస్తుంది. తెలుగులో మాట్లాడుకోనివ్వండి, మాటలు దొరకనిచోట తెలుగు మాటే రాసి ముందుకెళ్లమనండి. రెండో డ్రాఫ్టులో ఆ మాటకు ఇంగ్లిష్ వెతుకుదురు గాని.

కొన్నిసార్లు వెతకక్కర్లేదు కూడా. 'రాట్స్ ఆర్ రన్నింగ్ ఇన్ మై స్టమక్' అని ఒక పాప రాస్తే తప్పని కొట్టేయకండి. ఆకలికి అంతకంటే మంచి ఇంగ్లిష్ వాక్యం నాకైతే తెలియదు. మనది కాని భాషలో మన మనసును, మన మాట వేగాన్ని పట్టుకోవాలన్న సంగతిని రాజారావు 1938లో 'కాంతాపుర' నవల ముందుమాటలోనే చర్చించారు. ఆ చర్చ ఎనిమిదో తరగతి దాకా రావడానికి ఇంకా ఎంతకాలం పట్టాలి!

దిద్దడం అసలు సమస్య

ఆదర్శాలు చెప్పేవాళ్లు దాటేసే లెక్క ఒకటుంది. మీకు మూడు సెక్షన్లు, ఒక్కోదాంట్లో నలభై మంది అనుకోండి. 120 నోట్‌బుక్కులు. ఒక్కోదానికి ఐదు నిమిషాలంటే 600 నిమిషాలు, అంటే పది గంటలు. ఒక్క ఎక్సర్‌సైజ్‌కి! ఇది చూసి భయపడే చాలామంది టీచర్లు గైడ్ వైపు వెళ్తారు. బద్ధకం అనకండి, టైమ్ లేకపోవడం అనండి.

దీనికి నాకు పనికొచ్చిన కిటుకులు చెబుతాను. అన్నీ దిద్దొద్దు. ఈ వారం పాస్ట్ టెన్స్ మాత్రమే చూస్తాను అని ముందే చెప్పేయండి, మిగతా తప్పుల్ని చూసీ చూడనట్టు వదిలేయండి. తప్పును మీరు సరిచేయకుండా దాని కింద గీత మాత్రం గీయండి, సరిచేసుకునే పని వాళ్లది. రోజుకు ఒక వరుస పుస్తకాలే తీసుకోండి. అన్నిటికన్నా బాగా పనిచేసేది గట్టిగా చదివించడం. పిల్లాడు తను రాసింది పక్కవాడికి చదివి వినిపిస్తే సగం తప్పులు వాడికే వినిపిస్తాయి. 'ఆగాగు, ఇదేదో తేడాగా ఉంది' అని తనే పెన్ను తీస్తాడు. ప్రోగ్రామర్లు బగ్ దొరక్కపోతే కోడ్‌ని టేబుల్ మీద రబ్బరు బాతుకు వివరిస్తారు. ఇదీ అలాంటిదే, బాతు బదులు బెంచీమేట్.

అన్నట్టు, మంచి లైన్లను చార్టు మీద రాసి గోడకు అంటించండి. గోడపత్రికకు అయ్యే ఖర్చు పది రూపాయలు. ఇంటర్వెల్లో వేరే సెక్షన్ వాళ్లు వచ్చి చదువుతారు. మార్కుల కోసం రాయనివాడు కూడా దానికోసం రాస్తాడు.

చాట్‌జీపీటీ ఉండగా ఇదంతా ఎందుకు?

టెక్ రాసేవాణ్ని కాబట్టి ఈ ప్రశ్న నాకు రోజూ వస్తుంది. ఫోన్లో అడిగితే డైరీ పది సెకన్లలో వస్తుంది, తప్పుల్లేకుండా. నిజమే. గైడ్ చేసిన పనే ఏఐ ఇంకా వేగంగా చేస్తోంది. కాబట్టి గైడ్‌తో బతికిన క్లాసుకే దీనివల్ల ప్రమాదం.

దాన్ని నిషేధించే బదులు క్లాసులోకి తీసుకురండి. 'మా ఊరి జాతర గురించి పేరా రాయి' అని ఏఐని అడిగి, వచ్చిందాన్ని బోర్డు మీద రాయండి. పిల్లల్ని ఇందులో మన ఊరు కానిదేదో పట్టుకోమనండి. రంగురంగుల దీపాలు, ఆనందంతో నిండిన ముఖాలు, రుచికరమైన వంటకాలు... ఏ ఊరికైనా సరిపోయే జాతర అది. రంగులరాట్నం కరెంటు పోయి మధ్యలో ఆగడం, పీచు మిఠాయి అబ్బాయి చిల్లర లేదని సగం మిఠాయి ఇవ్వడం దానికి తెలియదు. ఆ రెండు సంగతులూ పిల్లలకు తెలుసు. అవి రాయించండి. రాయించేది క్లాసులో, పెన్నుతో. ఇంటికిస్తే మాత్రం ఏం జరుగుతుందో మీకు తెలుసు!

ఉద్యోగాలు ఎక్కడ?

స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లిష్‌కు డిగ్రీలో ఇంగ్లిష్ ఆప్షనల్‌గా గానీ, ఎంఏ ఇంగ్లిష్ గానీ ఉండి, బీఈడీలో ఇంగ్లిష్ మెథడాలజీ చేసి, టెట్ పాసై ఉండాలి. బీటెక్ వాళ్లూ బీఈడీ చేయొచ్చు గానీ సాధారణంగా మ్యాథ్స్, సైన్స్ మెథడాలజీల వైపు వెళ్లాల్సి ఉంటుంది. ఇంగ్లిషే కావాలంటే ఎంఏ దారి పట్టాలి. నోటిఫికేషన్‌లో అర్హతలు ఒకటికి రెండుసార్లు చూసుకోండి, వాట్సాప్ గ్రూపులో చెప్పింది నమ్మకండి. తెలంగాణలో 2024 డీఎస్సీ 11,062 పోస్టులకు, ఏపీలో 2025 మెగా డీఎస్సీ 16,347 పోస్టులకు వచ్చాయి. గురుకులాలు, కేంద్రీయ విద్యాలయాలు, నవోదయల్లో టీజీటీ ఇంగ్లిష్ పోస్టులు వేరుగా పడతాయి. టీచింగ్‌నే సీరియస్‌గా చదవాలనుకుంటే హైదరాబాద్‌లోని ఇఫ్లూ ఉంది. 1958లో ఇంగ్లిష్ బోధన మీద శిక్షణ కోసమే మొదలైన సంస్థ అది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది.

ఇంటర్నేషనల్ స్కూళ్లలో ఈ నైపుణ్యానికి నేరుగా గిరాకీ ఉంది. కేంబ్రిడ్జ్ ఐజీసీఎస్ఈ ఫస్ట్ లాంగ్వేజ్ ఇంగ్లిష్‌లో ఒక పేపర్ 80 మార్కులదైతే, అందులో 40 మార్కులు ఒకే ఒక్క కంపోజిషన్‌కి. వర్ణన గానీ కథ గానీ రాయాలి. బట్టీకి అక్కడ చోటే లేదు, అందుకే రాయడం నేర్పగలిగే టీచర్ కోసం వెతుకుతారు.

ప్రైవేటులో ఎక్కడికెళ్లినా డెమో క్లాసు తప్పదు. చాలామంది టెన్సెస్ గానీ, యాక్టివ్ పాసివ్ గానీ తీసుకుంటారు. ప్యానెల్ ఆ వారంలో అది పదిసార్లు విని ఉంటుంది. మీరు రాయించే క్లాసు తీసుకోండి. పదిహేను నిమిషాల్లో ఐదు మాట్లాడించి, ఐదు రాయించి, ఐదు చదివించండి. డెమోలో టీచర్ ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది, కానీ ఇది చెప్పినంత తేలిక కాదు, ముందు ఇంట్లో తమ్ముడి మీదో పక్కింటి పిల్లల మీదో ప్రాక్టీస్ చేయండి.

ఇంకోటి. మీరూ రాయండి. రోజూ పది నిమిషాలు, ఇంగ్లిష్‌లో, ఐదు లైన్లు. బస్టాప్ గురించో, హాస్టల్ మెస్ సాంబారు గురించో. చీమ డైరీ మీరు రాయకుండా పిల్లల్ని రాయమంటే, వాళ్లు ఎక్కడ ఆగిపోతారో మీకు తెలియదు.

డెమోకి వెళ్లేటప్పుడు సర్టిఫికెట్ల ఫైలులో రెండు కాగితాలు అదనంగా పెట్టుకోండి. మీరు రాయించిన ఒకే పిల్లాడి మొదటి డ్రాఫ్టు, మూడో డ్రాఫ్టు. పేరు తీసేసి. 'తప్పులన్నీ ఎందుకు దిద్దలేదు?' అని ప్యానెల్‌లో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అప్పుడు రెండు కాగితాలూ పక్కపక్కన వాళ్ల ముందు పెట్టి, మూడు లైన్లు ఏడు లైన్లు ఎలా అయ్యాయో, 'బైటెడ్' ఎప్పుడు 'బిట్' అయిందో, అది ఎవరు చెబితే అయిందో చెప్పండి.